ముఖం అరిగినా అంచు తరగరాదు



చక్రవర్తికి పన్ను కట్టవచ్చునా, కూడదా అని అడిగి పరిసయ్యులు ప్రభువును చిక్కులో పెట్టబోయినప్పుడు ఆయన మొదట చూపించమన్నది ఒక నాణెం. దానిమీద రూపం ఎవరిది, రాత ఎవరిది అని వారినే తిరిగి ప్రశ్నించారు. మత్తయి సువిశేషం 22వ అధ్యాయంలోని ఈ సంఘటన మనందరికీ తెలిసినదే. నాణెం మీద చక్రవర్తి రూపం ఉంది గనుక అది చక్రవర్తికి చెందుతుంది. మనిషి మీద దేవుని రూపం ఉంది గనుక మనిషి దేవునికి చెందుతాడు. తొలి శతాబ్దాల శ్రీసభ రచయిత తెర్తుల్లియాను, ఆ తరువాత పునీత అగుస్తీను ఈ ప్రభువు మాటను ఇలాగే వివరించారు.

నాణేనికి బొమ్మ ఒక వైపు, బొరుసు ఒక వైపు అంటాం. కాని మూడవ వైపు కూడా ఒకటి ఉంది. అది అంచు. మన దృష్టి ఎప్పుడూ బొమ్మ మీదికే పోతుంది, అంచును పట్టించుకోము. ఈ వారం ఆ అంచును గురించి కొంచెం ధ్యానిద్దాం.

పాత నాణేలు సేకరించి దాచుకునే అలవాటు మన ఊళ్లలో కూడా కొందరికి ఉంది. తాతల నాటి భోషాణం వెదికితే విక్టోరియా రాణి వెండి రూపాయి, నడుమ చిల్లు ఉన్న కానీ, అంచు వంకులు తిరిగిన అణా, నలుచదరపు బేడ బయటపడతాయి. ఆ ఆకారాలు ముచ్చట కోసం పెట్టినవి మాత్రమే కావు. సంతలో పొద్దు గూకిన తరువాత కూడా, చూపు లేనివారు కూడా, వేలితో తడిమి ఏది అణాయో ఏది బేడో తెలుసుకోగలిగేవారు. అంచే వారికి కన్ను. 2019లో మన ప్రభుత్వం విడుదల చేసిన కొత్త వరుస నాణేలలో కూడా చూపు లేనివారిని దృష్టిలో ఉంచుకున్నారు. అందులోని ఇరవై రూపాయల బిళ్ళకు పన్నెండు పక్కలు ఉంటాయి, అంచున గాట్లు ఉండవు.

తెలిసిన సేకర్త ఎవరైనా నాణేన్ని రెండు వేళ్ల మధ్య అంచులతోనే పట్టుకుంటాడు. ముఖం చూసిన తరువాత దానిని తిప్పి అంచు కూడా చూస్తాడు. ఎందుకంటే నాణెం నునుపెక్కడానికి రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, వేలాది చేతులు మారి అరిగిపోవడం. రెండవది, ఎవరో ఆకురాయి పెట్టి అరగదీయడం. పైకి రెండూ నునుపే. మొదటిది సేవ, రెండవది దొంగతనం. ఆ తేడా ముఖం మీద అంతగా తెలియదు, అంచు దగ్గర తెలుస్తుంది.

వెండి, బంగారు నాణేల విలువ వాటి లోహంలోనే ఉన్న కాలంలో ఈ దొంగతనం చాలా దేశాల్లో జరిగింది. నాణెం అంచున చిటికెడు వెండి కత్తిరించి, మిగిలిన దాన్ని పూర్తి విలువకు చెలామణి చేసేవారు. రాజు బొమ్మను ఎవరూ ముట్టుకునేవారు కాదు. ముట్టుకుంటే వెంటనే పట్టుబడతారు. అంచున కొంచెం పోతే ఎవరు చూస్తారు? ఇంగ్లండులో 17వ శతాబ్దం చివరకు పాత వెండి నాణేలు తరిగి తరిగి దాదాపు సగం బరువుకు వచ్చాయి. అందుకే యంత్రం మీద చేసిన కొత్త నాణేల అంచున గాట్లు పెట్టారు, కొన్నింటి అంచున అక్షరాలు చెక్కారు. గాట్లున్న అంచున ఒక చోట గీకినా ఆ చోటు నున్నగా కనబడి దొంగను పట్టిస్తుంది. 1696లో అక్కడి టంకశాలకు అధికారిగా వచ్చిన శాస్త్రవేత్త ఐజాక్ న్యూటను, పాత నాణేలు కరిగించి కొత్తవి పోయించే పనిని ముందుండి నడిపించాడు.

సహోదరులారా, ఆ చరిత్రలో మనం మరువరాని విషయం ఒకటి ఉంది. 1696 మే నెలలో గడువు దాటాక తరిగిన నాణేలను పన్నుల కింద తీసుకోమన్నారు. కలిగినవారు అంతకు ముందే వాటిని ఖజానాకు కట్టి పూర్తి విలువ పొందారు. కూలివాని చేతిలో మిగిలిపోయిన నాణెం తూకానికే చెల్లింది. అంచు కోసినవాడు ఎక్కడో ఉన్నాడు, ఎప్పుడో తిన్నాడు. నష్టం మాత్రం చిట్టచివర ఆ నాణెం ఎవరి చేతిలో ఉన్నదో ఆ పేదవాని మీద పడింది. అంచున చేసే పాపం ఇలాగే ఉంటుంది.

ఈ సంగతి మన ప్రాంతానికి దూరమైనది కాదు. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న మన కోనసీమ ఒకప్పుడు ఉత్తర సర్కారులలో భాగం. ఆ సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ వారు 1794లోను, 1797లోను రాగి నాణేలు చేయించారు. బర్మింగ్‌హాము దగ్గర సోహోలో మాథ్యూ బౌల్టను అనే ఆయన ఆవిరి యంత్రాలతో వాటిని ముద్రించాడు. నలభై ఎనిమిది ఇస్తే ఒక రూపాయి అని నాణెం మీదనే రాసి ఉంది. అంచు చుట్టూ కంపెనీ పేరు అక్షరాలలో చెక్కారు. అగ్గువ రాగిని ఎవరు గీకుతారని అడగవచ్చు. అది గీకేవారి కోసం కాదు, దొంగ నాణేలు పోసేవారి కోసం. ముఖాన్ని అచ్చు తీయడం సులువు, అంచును అచ్చు తీయడం కష్టం. మన ప్రాంతంలో చెలామణి అయిన రాగి నాణేన్ని డబ్బు అనేవారు. ఈనాడు మనం ధనమంతటినీ ఆ రాగి బిళ్ళ పేరుతోనే పిలుస్తున్నాం. 1940లో మన వెండి రూపాయిలో వెండిని సగానికి తగ్గించినప్పుడు కూడా, దొంగ రూపాయలు రాకుండా దాని అంచున ప్రత్యేకమైన గాడి పెట్టారు. లోపల విలువ తగ్గినకొద్దీ అంచుకు కాపలా పెంచవలసి వచ్చిందన్నమాట.

మరి మన జీవితానికి అంచు ఏది? బొమ్మ వైపు మనం జాగ్రత్తగానే ఉంటాం. ఆదివారం దివ్య బలిపూజకు వెళతాం, పండుగకు కానుక ఇస్తాం, నలుగురిలో మంచివాడనిపించుకుంటాం. అంచు అంటే ఎవరూ చూడని చోటు. ధాన్యం కాటా వేసేటప్పుడు తేమ పేరు చెప్పి ఉన్నదానికన్నా ఒక కిలో ఎక్కువ కోయడం. కొబ్బరి కాయలు లెక్కపెట్టేటప్పుడు లెక్క తప్పించడం. రొయ్యల చెరువు దగ్గర కౌంటులో గోల్‌మాల్ చేయడం. సాయంత్రం కూలి ఇచ్చేటప్పుడు చిల్లర లేదని పది రూపాయలు ఆపి, మరునాడు మరచిపోవడం. పిల్లల్ని ఇంట్లో వదిలి గల్ఫుకు పోయే తల్లి దగ్గర, ఖర్చులంటూ చెప్పినదానికన్నా ఎక్కువ గుంజడం. ఇందులో ఏ ఒక్కటీ హత్య కాదు, దోపిడీ కాదు. ఇంతే కదా, దీనికేముందిలే అనుకుంటాం. అంచు కోసినవాడు అనుకున్నదీ అదే!

ఆమోసు ప్రవక్త తన కాలపు వర్తకులను ఖండించింది సరిగ్గా ఇందుకే. కుంచం చిన్నది చేసి, తూకపు రాయి పెద్దది చేసి, దొంగ త్రాసుతో పేదను కొనుక్కునేవారు ఎప్పుడు విశ్రాంతి దినం గడుస్తుందా, మళ్లీ ఎప్పుడు అంగడి తెరుద్దామా అని చూసేవారని ఆయన చెప్పారు. గుడిలో కూర్చున్నా వారి మనసు కాటా దగ్గరే ఉంది. ఆపిన కూలి మొరపెడుతుందని, ఆ మొర దేవుని చెవికి చేరుతుందని పునీత యాకోబు తన లేఖలో హెచ్చరించారు.

నాణేల వారికి ఒక పాలక పునీతుడు ఉన్నారని మనలో చాలామందికి తెలియదు. ఆయన పునీత ఎలీజియుసు. 6వ శతాబ్దం చివర ఫ్రాన్సు దేశంలో లిమోజు పట్టణం దగ్గర పుట్టారు. కంసాలి పని నేర్చి, టంకశాలలో పని చేశారు. క్లొతారు రాజు రత్నాలు పొదిగిన బంగారు ఆసనం చేయమని బంగారం తూచి ఇచ్చాడట. ఎలీజియుసు ఒక ఆసనం తెచ్చి రాజు ముందు పెట్టారు. రాజు మెచ్చుకున్నాడు. అప్పుడు ఆయన రెండవ ఆసనం కూడా తెచ్చి పెట్టి, మిగిలిన బంగారంతో ఇది చేశానని చెప్పారట. ఆయన జీవిత చరిత్ర ఇలా చెబుతుంది. ఆకురాయి పొడి కూడా దాచుకోని మనిషి కనుకనే రాజు ఆయనను నమ్మాడు. తన చేతికి వచ్చిన ధనంతో ఆయన బానిసలను విడిపించారు. 641లో నొయొను పీఠాధిపతి అయ్యారు. డిసెంబరు 1న ఆయన పండుగ. అంచున నమ్మకంగా ఉన్నవాడిని దేవుడు మందకు కాపరిని చేశాడు.

ఇక అరిగిన ముఖం సంగతి. కొందరు పాత రాగి నాణెం దొరకగానే చింతపండు పెట్టి తోమేస్తారు. ఇత్తడి బిందెలా తళతళ మెరుస్తుంది. కాని సేకర్తల దృష్టిలో దాని విలువ ఆ క్షణమే పడిపోతుంది. ఏళ్ల తరబడి దానిమీద ఏర్పడిన నలుపే దానికి సాక్ష్యం. మెరుపు కోసం ఆ సాక్ష్యాన్ని తుడిచేస్తే తిరిగి రాదు. పైపై మెరుగులు దిద్దుకునే భక్తి కూడా అంతే.

అరిగిపోవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. నాట్లు వేసి, కోతలు కోసి, కొబ్బరి పీచు ఒలిచి, పిల్లల్ని పెంచి చేతి గీతలు చెరిగిపోయిన తల్లులు మన విచారణలన్నింటిలోను ఉన్నారు. వారు అందరి చేతుల్లో పడి అరిగిన రూపాయలు. దేవాలయపు కానుకల పెట్టెలో పేద విధవరాలు వేసిన రెండు కాసులను తలచుకోండి. అటువంటి యూదుల రాగి కాసులు ఇప్పటికీ తవ్వకాల్లో దొరుకుతున్నాయి. గోరంత ఉంటాయి, అంచు సమంగా ఉండదు, బొమ్మ చాలావాటి మీద సగమే పడి ఉంటుంది. ధనవంతుల వెండి కన్నా ప్రభువు లెక్కలో ఆ కాసులే బరువు తూగాయి.

చట్టం కూడా ఈ తేడా ఎరుగును. చేతులు మారి అరగడం నేరం కాదు. మోసంతో నాణెం బరువు తగ్గించడం నేరమని 1860 నాటి భారత శిక్షాస్మృతి 246వ సెక్షన్‌లో రాశారు. మన కతోలిక సత్యోపదేశం అంతకన్నా లోతుగా చెబుతుంది. జ్ఞానస్నానంలో మన ఆత్మ మీద పడిన ముద్ర చెరగనిది. ఏ పాపమూ దానిని తుడిచివేయలేదు. మన పాపం ఆ ముద్ర ఫలించకుండా అడ్డుపడగలదు గాని, ముద్రను తీసివేయలేదు.

అలాంటి ముద్ర ఉన్న మనిషిని చెల్లడు అనడానికి మనమెవరం? కొన్నేళ్ల క్రితం మన అంగళ్లలో పది రూపాయల బిళ్ళకు పట్టిన గతి గుర్తుందా? "ఈ బిళ్ళ చెల్లదు మామ్మగారూ, నోటు ఇవ్వండి" అనేవారు. పది గీతలున్నది అసలుది, పదిహేను గీతలున్నది నకిలీది అని ఎవరో పుట్టించారు. చివరకు 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు వారు పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని ప్రకటించవలసి వచ్చింది. ముద్ర వేసినవాడు చెల్లుతుంది అంటుంటే, వీధిలో మనం చెల్లదు అన్నాం. కులం పేరున, పేదరికం పేరున, ముసలితనం పేరున మనం పక్కకు నెట్టిన మనుషులనూ ఇలాగే చూశాం. వారి మీద ముద్ర వేసినవాడు దేవుడు.

ప్రియ పాఠకులారా, ఆత్మశోధన చేసుకునేటప్పుడు ఈ వారం బొమ్మ వైపు కాకుండా అంచు వైపు తిప్పి చూసుకుందాం. ఎవరి కూలి ఎక్కడ తరిగింది? ఎవరి తూకం ఎక్కడ తగ్గింది? పాపసంకీర్తనంలో చెప్పుకుంటే చాలదు, తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. జక్కయ్య మోసంతో తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానని ప్రభువు ముందే లేచి చెప్పాడు. మనం కనీసం ఆపిన పది రూపాయలతో మొదలుపెట్టవచ్చు.

కోయడానికి మన తెలుగులో ఒక విరుగుడు మాట ఉంది. అది కొసరు. నిండా కొలిచిన తరువాత మరి కొంచెం పైన వేయడం. కుదించి, కదిపి, పొర్లిపోయేలా కొలిచి ఇవ్వమన్న ప్రభువు మాట మన అంగడి భాషలో కొసరే. ఇతరుల అంచు నుంచి గీకుకునే చేయి ఒక రోజు కొసరు వేయడం నేర్చుకుంటే, ఆ రోజు ఆ ఇంటికి రక్షణ వచ్చినట్టే.

మన ముఖాలు సేవలో అరిగిపోనీ. మన అంచులు మాత్రం చివరి దినాన ఆయన తన వేలితో తడిమి చూసినప్పుడు నిండుగా ఉండునట్లు తండ్రి మనకు కృప అనుగ్రహించును గాక. ఆమెన్.