బడిగంట తరువాతి రుసుము

న్యాయాన్ని గురించి విచారించేవారు తరచు రాజ్యాలను, న్యాయస్థానాలను మనసులో ఉంచుకొని విచారిస్తారు. కాని కఠినమైన ధర్మసందేహం ఒకటి ప్రభుత్వ పాఠశాలలోనే, సాయంకాలం గంట మ్రోగగానే తలయెత్తుతుంది. ఉపాధ్యాయుడు అతడే, గది అదే, నల్లబల్ల అదే. రుసుము చెల్లించిన పిల్లలు కూర్చొని ఉన్నారు. తక్కినవారు ఇళ్లకు వెళ్లారు. గంటకు ముందు హక్కుగా లభించిన విద్యకు గంట తరువాత వెల కట్టవచ్చునా?

ఈ ప్రశ్నకు దక్షిణాసియా దేశాలు ఒకే సమాధానం చెప్పలేదు. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం, 28వ సెక్షనులో, ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదని శాసించింది. బంగ్లాదేశ్ వేరొక మార్గం త్రొక్కింది. అక్కడి విద్యామంత్రిత్వశాఖ 2012లో ప్రకటించిన నియమావళి ప్రకారం ఉపాధ్యాయుడు తన విద్యాసంస్థలోని పిల్లలకు విడిగా ట్యూషను చెప్పరాదు. కాని తల్లిదండ్రులు కోరిన పక్షంలో, బడివేళలకు ముందుగాని తరువాతగాని, బడిలోనే అదనపు తరగతులు జరుపవచ్చును. రుసుమును కూడ ఆ నియమావళియే నిర్ణయించింది: నెలకు ఒక్కొక్క విషయానికి మహానగరాలలో 300 టాకాలు, జిల్లా పట్టణాలలో 200, ఉపజిల్లాలలో 150. వసూలైన సొమ్ములో 10 శాతం బడి ఖర్చులకు, మిగిలినది బోధించినవారికి. పేదపిల్లలకు రుసుము తగ్గించే, మన్నించే అధికారం సంస్థ అధిపతిది. ఈ నియమావళి చెల్లుతుందని 2019 ఫిబ్రవరిలో ఆ దేశపు హైకోర్టు తీర్పు చెప్పింది.

ఈ మార్గాన్ని తేలికగా త్రోసివేయరాదు. బోధన శ్రమ, శ్రమకు ప్రతిఫలం కోరడం దోషం కాదు. నిషేధం ఉన్నా ట్యూషన్లు మన ఊళ్లలో ఆగలేదన్నది ఎల్లరెరిగినదే. చాటున జరిగే బేరానికి అదుపు ఉండదు. దానిని వెలుగులోకి తెచ్చి హద్దు గీయడం పాలకుల విధియే.

అయితే ధర నిర్ణయించినంతమాత్రాన ధర్మం సిద్ధించదు. అంగడిలో బియ్యం ధర నచ్చకపోతే మరొక అంగడికి పోవచ్చును. పరీక్షపత్రం దిద్దే చేయే రుసుమును అందుకొంటున్నప్పుడు, తల్లిదండ్రులు వ్రాసి ఇచ్చిన కోరికలో ఇష్టమెంత, భయమెంత? అంతకన్న సూక్ష్మమైన అపాయం మరొకటి ఉన్నది. సాయంకాలపు పాఠానికి వెల ఉన్నచోట, ఉదయపు పాఠం సగంలో ఆగిపోవడం లాభసాటి అవుతుంది. ఉత్తముడైన ఉపాధ్యాయుడు ఈ ప్రలోభానికి లొంగడు, నిజమే. కాని మనుషుల మంచితనాన్ని ప్రతిదినమూ పరీక్షకు పెట్టే ఏర్పాటు మంచి ఏర్పాటు అనిపించుకోదు.

ఇక మినహాయింపు సంగతి. తండ్రి తన లేమిని అధికారి బల్ల ముందు నిలిచి విన్నవించుకోవలసి వస్తే, ఆ పిల్లవానికి పాఠం దక్కవచ్చును గాని తోటివారితో సమానమైన గౌరవం దక్కదు. 1911లో గోఖలే ప్రవేశపెట్టిన ప్రాథమికవిద్యా బిల్లు నెలకు పది రూపాయలకు మించని ఆదాయం గలవారి పిల్లలకు రుసుము ఉండరాదన్నది. అందులో ఒకరి దయకు తావు లేదు. నియమమే వారిని విడిచిపెట్టింది. ఆ బిల్లు మరుసటి ఏడు ఓడిపోయింది. ఉచిత నిర్బంధ విద్య మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుగా చేరినది 2002లో. అంత కాలానికి లభించిన హక్కు సాయంకాలం గంటతో ముగిసిపోతుందనడం న్యాయం కాదు.

కనుక రుసుము ఎంత అన్న ప్రశ్నకు ముందు, ఆ పాఠం ఎందుకు అవసరమైనదో విచారించాలి. సంగీతమో, ఆటయో, మరొక భాషయో నేర్పదలచినప్పుడు స్వల్పమైన రుసుము ఉండవచ్చును. కాని పాఠ్యక్రమం ముగించడానికి, వెనుకబడిన పిల్లవానిని నలుగురితో కలపడానికి జరిగే తరగతి బడి తీర్చవలసిన ఋణం. ఆ తరగతి చెప్పిన ఉపాధ్యాయునికి వేతనం తప్పక ముట్టాలి. అది ప్రభుత్వ ఖజానా నుండి రావాలి. ఋణగ్రస్తుడు ఋణదాత నుండి మళ్లీ సొమ్ము వసూలు చేయడాన్ని ఏ ధర్మశాస్త్రమూ సమర్థించదు.