పల్లకీ ఎందుకు ఊగింది?

ఈ వారం వీడియోలో జడభరతుడి కథ చెప్పుకున్నాం కదా. అందులో చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటి ఉంది. టైమ్ లేక కాదు, కెమెరా ముందు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది అబ్దుల్లాపూర్‌మెట్. మా అక్క వాళ్ల ఇల్లు మాకు రెండు వీధుల అవతల. అక్క కొడుక్కి ఆరేళ్లు. వాడికి ఆటిజం ఉంది. మాటలు చాలా తక్కువ, నీళ్లు కావాలంటే మన చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్తాడు. పోయిన కార్తీక మాసంలో ఒక సోమవారం అందరం కలిసి మా కాలనీ గుడికి వెళ్లాం. హారతి టైమ్‌కి కరెంటు డోలు మిషన్ ఆన్ చేశారు. మీకు తెలుసు కదా ఆ మిషన్, గంటా డోలూ రెండూ కలిసి మోగుతాయి, చిన్న గుడిలో అయితే గోడలు అదురుతాయి. వాడు రెండు చేతులతో చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయాడు. అందరూ చూస్తున్నారు. నాకు సిగ్గనిపించింది. "దండం పెట్టు నాన్నా, దేవుడి ముందు అట్లా చెవులు మూసుకోవద్దు" అని వాడి చేతులు లాగి జోడించబోయాను. వాడు నా మణికట్టు కొరికి, గట్టిగా అరుస్తూ చెప్పుల స్టాండ్ దాకా పరిగెత్తాడు.

వెనక నుంచి ఒక పెద్దావిడ, "పిల్లాడిని పట్టుకోలేని వాళ్లు గుడికి ఎందుకు రావాలి? ఏ జన్మలో పాపమో" అన్నారు. అక్క విన్నది. ఆ రోజు నుంచి గుడికి రావడం మానేసింది. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది, ఉగాది, శ్రీరామనవమి కూడా పోయాయి. ఇంట్లోనే దీపం పెట్టుకుంది.

ఆవిడ మాట చెడ్డదే. కానీ వాడి చేతులు లాగింది ఆవిడ కాదు, నేను.

ఇప్పుడు జడభరతుడి దగ్గరికి వద్దాం. ఇది భాగవతం పంచమ స్కంధంలో వస్తుంది. (మనం పోతన భాగవతం అని మొత్తాన్నీ ఆయన పేరు మీదే చెప్పుకుంటాం కానీ తెలుగులో ఈ స్కంధం రాసింది బొప్పరాజు గంగన.) ఆంగిరస గోత్రంలో పుట్టిన ఒక బ్రాహ్మణ పిల్లవాడు. తండ్రికి ప్రాణం. ఉపనయనం చేసి, వసంతం, గ్రీష్మం, నాలుగు నెలల పాటు గాయత్రి నేర్పించాడు. రాలేదు. ఆ తండ్రి విసుక్కోలేదు, వదిలెయ్యనూ లేదు. నేర్పిస్తూ నేర్పిస్తూనే పోయాడు. తర్వాత తొమ్మిది మంది అన్నలున్నారు, బాగా చదువుకున్న వాళ్లే. వీడికి ఏదీ ఎక్కదని తేల్చేసి చదువు ఆపేశారు. పొలం పనికి పెట్టారు. తవుడు, తెలగపిండి, మాడిపోయిన అన్నం, ఏది పెడితే అది తిన్నాడు.

ఒకరోజు సింధు సౌవీర దేశాల రాజు రహూగణుడు కపిల మహర్షి దగ్గరికి తత్వం నేర్చుకోవడానికి పల్లకీలో వెళ్తున్నాడు. ఇక్షుమతీ నది ఒడ్డున ఒక బోయీ తక్కువయ్యాడు. ఈయన కనిపించాడు, ఒడ్డూ పొడుగూ బాగున్నాడు కదా అని పట్టుకొచ్చి కొమ్ము భుజాన పెట్టారు. ఆయన బాణమంత దూరం ముందుకి నేలని చూసుకుంటూ, ఏ ప్రాణీ కాలి కింద పడకుండా అడుగు వేస్తున్నాడు. మిగతా వాళ్ల అడుగుతో ఆ అడుగు కలవలేదు. పల్లకీ ఊగింది.

రాజు బోయీలని కేకలేశాడు. వాళ్లు భయపడి, "ప్రభూ, మా తప్పేం లేదు, ఈ కొత్తవాడి నడకతో మాకు కుదరట్లేదు" అన్నారు. అప్పుడు రాజు వెటకారం మొదలుపెట్టాడు. అయ్యో పాపం, అలిసిపోయావా, ఒక్కడివే అంత దూరం నుంచి మోసుకొస్తున్నావు కదా, బక్కచిక్కిపోయావు కదా, ఇలాగ. అయినా పల్లకీ ఊగుతూనే ఉంది. తర్వాత బెదిరింపు.

ఈ మొత్తంలో ఒక్క ప్రశ్న ఎవ్వరూ అడగలేదు. "నాయనా, నేల మీద ఏం చూస్తున్నావు?"

ఇక్కడ ఒక జాగ్రత్త. జడభరతుడు జ్ఞాని, లోకం అంటకూడదని జడుడిలా ఉన్నాడు. మా వాడు నటించట్లేదు. ఆటిజం ఉన్న ప్రతి పిల్లవాడూ మారువేషంలో ఉన్న మహర్షి అని నేను చెప్పట్లేదు, అలా అనడం కూడా ఒకరకంగా తప్పించుకోవడమే. మహర్షి అని పీట మీద కూర్చోబెడితే ఇక బస్సులో వాడి పక్కన కూర్చోవాల్సిన పని మనకి ఉండదు కదా. నాకు ఈ కథలో కావలసింది ఆ ఊగుడు. దానికి కారణం ఉంది. ఆ కారణం పైన కూర్చున్న వాడికి కనపడదు.

దీన్ని నాకు చూపించింది దిల్‌సుఖ్‌నగర్‌లో మా వాడికి బిహేవియర్ థెరపీ చేసే మేడమ్. నా కంటే చిన్నదే ఉంటుంది. మొదటి రోజే అక్క చేతిలో ఒక రూళ్ల నోట్‌బుక్ పెట్టి మూడు గడులు గీసింది. అరవకముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత మీరేం చేశారు. రెండు వారాలు రాయమంది. తిట్లు రాయొద్దు, మొండి, పెంకి అని రాయొద్దు, కంటికి కనపడింది మాత్రం రాయండి అంది. నేను పొద్దంతా చేసే పని అదే. సర్వర్ పడిపోతే సర్వర్‌ని తిట్టం, లాగ్ తీసి దానికి ముందు నిమిషం ఏం జరిగిందో చూస్తాం. మెషిన్‌కి ఇచ్చిన ఆ మర్యాద నా మేనల్లుడికి ఇవ్వలేదు నేను.

రెండు వారాల తర్వాత చూస్తే, "ఊరికే అరుస్తాడు" అనుకున్న వాటిలో చాలా మటుకు కుక్కర్ విజిల్, మిక్సీ, డోలు, పెళ్లి బారాత్ డీజే. కొన్ని చొక్కా కాలర్ లోపలి లేబుల్ వల్ల. వాడికి చప్పుడు మనకి వినపడినట్టు వినపడదు. చెవులు మూసుకోవడం దేవుడికి అమర్యాద కాదు, నొప్పి తగ్గించుకోవడం. ఇప్పుడు అక్క కుక్కర్ పెట్టే ముందు వాడికి కుక్కర్ బొమ్మ కార్డు చూపిస్తుంది, వాడు లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. అంతే, అరుపు లేదు.

ఇక ఆ "ఏ జన్మలో పాపమో" అనే మాట. నేను కర్మ సిద్ధాంతం నమ్ముతాను, దాని మీద వీడియోలు కూడా చేశాను. కానీ ఇదే కథ చూడండి. జడభరతుడికి వెనక రెండు జన్మలున్నాయి, ఒకప్పుడు భరత మహారాజు, తర్వాత లేడి. ఆ సంగతి ఎవరికి తెలుసు? తండ్రికి తెలియదు, అన్నలకి తెలియదు, ఆయనే చెప్పేదాకా రాజుకీ తెలియదు. ఆ పిల్లవాడికి ఒక్కడికే తెలుసు. పక్కన నిలబడి ఎదుటివాళ్ల జన్మల లెక్క చదివిన పాత్ర ఆ కథలో లేదు. మరి గుడి మెట్ల మీద నిలబడి మనకెలా కనపడింది?

తల్లి మీదకి తోసెయ్యడం మన ఒక్కళ్ల అలవాటే కాదు. అమెరికాలో లియో కానర్ అనే డాక్టర్ 1943లో ఆటిజం గురించి మొదటి పేరున్న వ్యాసం రాశాక, ఆ తర్వాతి ఏళ్లలో తల్లి ప్రేమ చల్లగా ఉండటం వల్లే ఇది వస్తుందని చదువుకున్న వాళ్లే నమ్మారు. ఆ తల్లులకి ఫ్రిజ్ పేరు తగిలించారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్ట్, ఆయన కొడుక్కీ ఆటిజం ఉంది, 1964లో ఒక పుస్తకం రాసి దాన్ని ఖండించాడు. ఇది మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా, పెంపకంలో లోపం కాదు. అక్కడ సైన్స్ పేరు మీద, ఇక్కడ శాస్త్రం పేరు మీద, ఏడ్చింది మాత్రం అమ్మలే.

మా అక్క రోజు ఎలా ఉంటుందో రాస్తే మీకు అర్థమవుతుంది. వారానికి నాలుగు రోజులు అబ్దుల్లాపూర్‌మెట్‌లో బస్సెక్కుతుంది. పెద్ద అంబర్‌పేట, హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీ నగర్, కొత్తపేట, అప్పుడు దిల్‌సుఖ్‌నగర్. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి ఆ ఖర్చు తగ్గింది, రద్దీ పెరిగింది. ముప్పావు గంట సెషన్ కోసం సగం రోజు. హారన్ మోగినప్పుడల్లా వాడి చెవుల మీద తన చేతులు పెడుతుంది, అంటే తను కడ్డీ పట్టుకోదు. బావ నైట్ షిఫ్ట్. దీని మధ్యలో ఫోన్ చేసి "ఫలానా చోట మందు ఇస్తారట, ఆరు నెలల్లో నార్మల్ అయిపోతాడట" అని చెప్పే చుట్టాలు. అలా చెప్పిన ఒక చోటికి వెళ్లి డబ్బులు పోగొట్టుకున్నాం కూడా. ఆటిజాన్ని తీసేసే మందు లేదు. థెరపీ వాడిని ఇంకొకడిగా మార్చడానికి కాదు, వాడు తన అవసరం చెప్పగలగడానికి, తన పని తను చేసుకోగలగడానికి.

యశోదమ్మ కథ గుర్తు చేసుకోండి. ఎన్ని తాళ్లు కలిపినా రెండు అంగుళాలు తక్కువ. కృష్ణుడు చివరికి కట్టుబడింది తాడు సరిపోయి కాదు, అమ్మ చెమటలు కక్కుతోందని చూసి. ఇంతకీ మా ఇంట్లో అక్క అలసట మొదట చూసింది ఎవరో తెలుసా? మేము కాదు, ఆ థెరపీ మేడమ్. "మీరు నిద్రపోతున్నారా అక్కా?" అని అడిగింది. అక్క అక్కడే కూర్చుని ఏడ్చిందట.

ఆ మేడమ్ లాంటి వాళ్ల గురించి కూడా ఎవరూ మాట్లాడరు. రోజుకి ఏడెనిమిది మంది పిల్లలు. గిల్లుతారు, కొరుకుతారు, జుట్టు పట్టుకుంటారు. ఒక పిల్లవాడు చెంచా పట్టుకోవడానికి మూడు నెలలు పడుతుంది, ఆ రోజే వాళ్ల నాన్న వచ్చి "ఇంకా మాటలు రాలేదేంటి?" అని అడుగుతాడు. నాలుగు నెలలు గాయత్రి నేర్పి, రాకపోయినా మర్నాడు మళ్లీ మొదలుపెట్టిన ఆ తండ్రి నాకు వీళ్లలోనే కనపడతాడు. అయితే అందరూ ఇలా ఉండరు. చేతులు నొక్కిపట్టి, బలవంతంగా కళ్లలోకి చూపించే వాళ్లూ ఉన్నారు. అది చిన్నప్పుడు తమకెంత బాధ పెట్టిందో ఆటిజం ఉన్న పెద్దవాళ్లే ఇప్పుడు చెప్తున్నారు, వినండి. పిల్లవాడు సెషన్‌కి వెళ్లనని రోజూ ఏడుస్తుంటే అది కూడా నోట్‌బుక్‌లో రాయాల్సిన విషయమే.

మీలో చాలామందికి ఇంకా పిల్లలు లేరు, కానీ అక్కలు, వదినలు ఉంటారు. కాబట్టి పనికొచ్చేవి కొన్ని. ఏడాదిన్నర దాటినా పేరు పిలిస్తే చూడకపోవడం, వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఇవి కనిపిస్తే "మగపిల్లలకి మాటలు లేటే" అని ఆగొద్దు, పిల్లల డాక్టర్‌కి చూపించండి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి వైపు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, పాత పేరు ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. ఆటిజాన్ని అంచనా వేసే మన దేశపు స్కేల్ అక్కడే తయారైంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది, ఆటిజం అందులో ఉంది. సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆ పైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఇన్సూరెన్స్ లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ కూడా అందులోకి వస్తుంది. స్పీచ్ థెరపిస్ట్, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని అడగండి. అడిగితే మంచివాళ్లు ఏమీ అనుకోరు.

డబ్బు, చదువు లేకపోయినా చేయగలిగింది ఒకటుంది. ఒక ఆదివారం రెండు గంటలు ఆ పిల్లవాడి దగ్గర మీరు కూర్చోండి, ఆ అమ్మని పడుకోనివ్వండి.

కథలో రహూగణుడు చివరికి ఏం చేశాడు? జడభరతుడు నోరు విప్పి, బరువూ, దారీ, లావూ, బక్కా అన్నీ దేహానివి, ఎవరు ఎవరిని మోస్తున్నారు అని అడిగేసరికి, ఒక్కసారిగా పల్లకీ దిగాడు. దిగి కాళ్ల మీద పడ్డాడు. కపిలుడి దగ్గరికి బయల్దేరిన వాడికి అక్కడే, నది ఒడ్డునే దొరికింది తత్వం. దిగకపోతే దొరికేది కాదు.

నేను దిగడానికి ఆరు నెలలు పట్టింది. గుడి కమిటీలో పెద్దాయన ఒకరున్నారు. వెళ్లి జరిగిందంతా చెప్పాను, నా తప్పు కూడా. "మిషన్ లేకుండా హారతి ఎట్లా బాబూ" అన్నారు మొదట. తర్వాత పూజారి గారే, "కరెంటు లేని కాలంలో ఇవ్వలేదా అండీ" అన్నారు నవ్వుతూ. ఇప్పుడు శనివారం పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా మిషన్ ఆన్ చెయ్యరు, మైకు పెట్టరు, గంట కొట్టొద్దని ఒక అట్టముక్క మీద రాసి కట్టారు. మేము కూడా ఈ వారం నుంచి వెనక సంగీతం లేకుండా వీడియో రెండో కాపీ పెడుతున్నాం.

మొదటి శనివారం అక్క పట్టుచీర కట్టుకుని వచ్చింది. వాడు లోపలికి రాగానే చెవులు మూసుకుని మిషన్ వైపే చూశాడు. చాలాసేపు చూశాడు. అది మోగలేదు. మెల్లగా ఒక చెయ్యి తీశాడు, తర్వాత రెండోది. ధ్వజస్తంభం ఇత్తడికి చెంప ఆనించి నిలబడ్డాడు. దండం పెట్టలేదు, నేను పెట్టమనలేదు. తీర్థం ఇస్తే తోసేశాడు, పూజారి గారి పంచె తడిసింది. అక్క కంగారుపడింది. ఆయన "పర్లేదమ్మా" అని వాడి అరచేతిలో ఒక తులసి ఆకు పెట్టారు. వాడు దాన్ని ఇంటిదాకా వాసన చూసుకుంటూనే వచ్చాడు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.