జానెడు నల్లమట్టి

జహీరాబాద్ చుట్టుపక్కల చాలాచోట్ల నేల ఎర్రది. పైన మట్టి పలచన, కాస్త తవ్వితే మొరం తగులుతుంది. అలాంటి నేల మీద ఒక ఊరు, ఊరికి ఎగువన ఒక గుట్ట ఉండేవి. గుట్ట వాలంతా మోదుగ, నల్లమద్ది, ఇప్ప, మారేడు, వాటి నీడన సీతాఫలం పొదలు. ఆ వాలు ఒక ఆసామి పట్టా.

గుట్ట దిగువన ఒక ముసలమ్మకు అరెకరం చెల్క ఉండేది. ఏటా వానలకు ముందు ఆమె ఆసామిని అడిగి అడవిలోంచి రెండు గంపల ఆకుమట్టి తెచ్చుకునేది. ఎండుటాకులు చేత్తో పక్కకు తోస్తే సగం కుళ్ళిన ఆకులు, వాటి మధ్య తెల్లటి బూజు దారాలు, ఇంకా కిందికి పోతే వేలికి చల్లగా తగిలే నల్లమట్టి. అదీ జానెడు లోతే, ఆ తర్వాత మళ్ళీ ఎర్ర మొరమే. ఆ మట్టి చల్లి, చెల్కలో జొన్న, కంది, కొర్ర, అనుములు కలిపి వేసుకుని ఆమె బతికింది.

ఒకనాడు ఆ నల్లమట్టి ఆసామి కంటపడింది. ఇంత బలమైన నేలను చెట్లకు వదిలేశానే అని అతను బాధపడ్డాడు. చెట్లు కొట్టించి కలప అమ్మాడు, మొద్దులు పెకలించాడు, కొమ్మారెమ్మా అక్కడే కాల్చాడు, బోరు వేసి చెరకు నాటాడు. మొదటి ఏడు గడలు మనిషిని మించి పెరిగాయి. ఊరంతా మెచ్చుకుంది. అందులో వాళ్ళ తప్పేమీ లేదు, పంట నిజంగానే అంత బాగా వచ్చింది.

రెండో ఏడు దిగుబడి సగానికి పడింది. ఆకుల అడ్డు లేక వాన సూటిగా నేలను కొట్టింది, మట్టి ఎర్రనీళ్ళై వాగులో కలిసింది. మూడో ఏటికి మొరం తేలింది. ఆసామి యూరియా బస్తాలు పోశాడు, బండ్లకొద్దీ పెంట తోలించాడు. ఒక్క గట్టివానకు అదీ కొట్టుకుపోయింది. బోరు ఎండింది, దిగువన ఊరిబావి కూడా అడుగంటింది. నేల తనను మోసం చేసిందని తలచి ఆసామి పట్నం వెళ్ళిపోయాడు.

ముసలమ్మ తోటి ఆడవాళ్ళను కూడగట్టుకుని ఆ బీడును అడిగి తీసుకుంది. చుట్టూ కంప కట్టారు, వాలుకు అడ్డంగా రాళ్ళు పేర్చారు, కానుగ, వేప, సీతాఫలం గింజలు నాటారు. ఆమె కన్నుమూసేనాటికి మొక్కలు నడుమెత్తుకు వచ్చాయి. చాలా ఏళ్ళకు ఆమె మనవరాలు అక్కడ ఆకులు తోసి చూస్తే, నల్లమట్టి వేలిమందం కూడా లేదు.

ఆసామి నేల బలమని తలచింది చెట్ల బలం. అమెజాన్, బోర్నియో వర్షారణ్యాల కింద చాలాచోట్ల ఉన్నదీ ఇలాంటి పేదనేలే: అక్కడి సారంలో ఎక్కువ భాగం చెట్లలో, రాలిన ఆకుల్లో ఉంటుంది, చెట్లు ఆవిరిగా వదిలిన నీటిలో కొంత మళ్ళీ వానై కురుస్తుంది. అయినా పశువుల మేతకు, సోయాకు, పామాయిల్ తోటలకు వాటిని నరికారు. ఒక్క 2004లోనే బ్రెజిల్ అమెజాన్‌లో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి పోయింది, నిఘా పెంచాక 2012లో ఆ నష్టం 5 వేల లోపుకు దిగింది. అంటే ఆపాలనుకుంటే ఆపవచ్చు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత పేదలు, బీళ్ళను మళ్ళీ పచ్చగా చేసి చూపారు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మన వంటింటికొచ్చే పామాయిల్‌లో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది కనుక నూనె ప్యాకెట్ కొనేముందు దాని మీద ఏముందో చదవండి. మీ ఊరి గుట్ట మీద గొడ్డలి పడిననాడు గ్రామసభలో లేచి అడగండి.