ఘాతాంకంలో కల్పం

బ్రహ్మకు ఒక పగలు ఒక కల్పం. పురాణాల లెక్కలో అది వెయ్యి మహాయుగాలు, అంటే 432 కోట్ల సంవత్సరాలు. ప్రామాణిక రూపంలో 4.32 × 10⁹. ఇందులో 10 మీది 9 ఆ సంఖ్య ఏ స్థాయిదో చెబుతుంది. సూక్ష్మానికి ఋణ ఘాతాంకం వాడతారు: హైడ్రోజన్ పరమాణువు వ్యాసం సుమారు 10⁻¹⁰ మీటరు. మీటరును పదో వంతుకు కుదిస్తూ పదిసార్లు పోతే అక్కడికి చేరవచ్చు.

ఇంత తేలిగ్గా రాసినదాన్ని మనసు నిజంగా అందుకున్నట్టేనా? లేదనే చెప్పాలి. 10⁹కీ 10¹⁰కీ కాగితం మీద తేడా ఘాతాంకంలో ఒక్కటే. ఏళ్లలో అది 900 కోట్లు.

పూజలో సంకల్పం కల్పం నుంచి మనిషి దాకా ఉన్న దూరాన్ని మెట్లుమెట్లుగా దిగుతుంది. అక్షింతలు పట్టుకున్న మనిషి ముందు కల్పం, ఆపై మన్వంతరం, యుగం, సంవత్సరం, మాసం, తిథి చెప్పి, తన గోత్రం, పేరు దగ్గర ఆగుతాడు. పెద్ద స్థానం నుంచి చిన్నదానికి సాగే ఈ వరుస అంకెల స్థానవిలువకు ఎంతో దగ్గర. చివరి స్థానంలో మనిషే నిలుస్తాడు.

అనంతం సంగతి వేరు. తైత్తిరీయోపనిషత్తు బ్రహ్మాన్ని అనంతమంటుంది. ఘాతాంకాన్ని ఎంత పెంచినా వచ్చేది పరిమిత సంఖ్యే, దానికి ఇంకొకటి కలపవచ్చు. అనంతాన్ని బహు పెద్ద సంఖ్యగా ఊహించడం అందుకే పొరపాటు. కల్పానికీ ముగింపు ఉంది. పురాణాలు దాని చివర ప్రళయాన్ని చెబుతాయి.