పది రోజుల సువార్త పర్యటన: ఆతిథ్యమిచ్చిన ఊరి నుంచి ఒక మాట

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడ్డ మన పిల్లలు సెలవులు పెట్టుకుని, సంఘంతో కలిసి పది రోజులు కెన్యాకో మెక్సికోకో వెళ్లొస్తున్నారు. పిల్లలకు సెలవుల బైబిలు బడి (వి.బి.ఎస్.) నడుపుతారు, స్కూలు గోడలకు రంగు వేస్తారు, సాక్ష్యం చెబుతారు, ఫోటోలు పంపుతారు. సంతోషమే. కాకపోతే ఇటువంటి ప్రయాణాలకు రెండో వైపు ఎలా ఉంటుందో బళ్ళారివాళ్లకు బాగా తెలుసు. రెండు వందల ఏళ్లకు పైగా మిషనరీలకు ఆతిథ్యం ఇచ్చిన ఊరు మనది.

లండన్ మిషనరీ సొసైటీ పంపగా జాన్ హ్యాండ్స్ 1810లో ఇక్కడికి వచ్చాడు. ముందు కన్నడం నేర్చుకునే పనిలో పడ్డాడు. ఆయనా సహచరులూ తలపెట్టిన కన్నడ బైబిలు పూర్తయ్యేసరికి 1831 వచ్చింది. 1846లో మొదలైన వార్డ్‌లా స్కూలు పేరు ఇప్పటికీ ఊరందరికీ తెలుసు. వచ్చినవాళ్లంతా దొరతనం చూపకుండా మెలిగారని మాత్రం నేను అనను. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, దోర్నకల్‌లో సేవ చేస్తున్న వి.ఎస్. అజరయ్య లేచి ఆ మాటే నిర్మొహమాటంగా చెప్పాడు. మీ త్యాగాలకు కృతజ్ఞులమే గానీ మాకు కావలసింది స్నేహితులు అన్నది ఆయన సారాంశం. ఎదురుగా కూర్చున్నవాళ్లలో చాలామంది మిషనరీలే. ఆ ధైర్యానికి నేటికీ దండం పెట్టాలి.

1876-78 కరువులో బళ్ళారి ఎంత నలిగిందో పెద్దలు కథలుగా చెప్పేవారు. ఆ కరువులోనే ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడినా, సహాయ పనులు సాగినంత కాలం ఇవ్వనన్నాడు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. పనులు ముగిశాక, 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంకె అందరూ చెబుతారు, ఆగిన నెలల సంగతి ఎవరూ ఎత్తరు. సంచుల్లో బహుమతులు నింపుకుని బయల్దేరే టీములు ఆ నెలల గురించి చదువుకోవాలి.

మనవాళ్లే విదేశానికి వెళ్లిన కథ కూడా ఉంది. తెలుగు బాప్టిస్టులు నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్యగారిని 1903లో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపారు. అక్కడ చెరకు, తేయాకు తోటల్లో ఒప్పందపు కూలీలుగా మగ్గుతున్న తెలుగువారి కోసం ఆయన కుటుంబంతో సహా వెళ్లాడు. ఆ ఏడాదే కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1915లో కన్నుమూసేదాకా ఆయన పని అక్కడే. పంపినవి పెద్ద ఆస్తులున్న సంఘాలేమీ కావు.

ఉద్యోగం, ఈఎంఐలు ఉన్నవాళ్లు రంగయ్యగారిలా జీవితాంతం వెళ్లలేరు. పది రోజులకే వెళ్లండి, తప్పులేదు. మనకో సౌకర్యం కూడా ఉంది. బళ్ళారి సంతలో ఒకే బేరం కన్నడంలో మొదలై, తెలుగులో సాగి, ఉర్దూలో తెగుతుంది. ఎదుటివాడి భాషలోకి దిగడం మనకు నామోషీ కాదు. ఆ అలవాటు అమెరికా వెళ్లినా వదలకండి. స్వాహిలిలోనో స్పానిష్‌లోనో నాలుగు పలకరింపులు నేర్చుకుని వెళ్లండి. పిల్లల ఫోటో తీసేముందు తల్లిని అడగండి. అక్కడ తాపీ మేస్త్రీ ఉంటే గోడ పని అతనికివ్వండి, కూలి మీరు కట్టండి. పైగా, మీ గోడకన్నా అతని గోడ నిలుస్తుంది!

వీసా సంగతి చిన్నది కాదు. మన దేశానికి టూరిస్టు వీసా మీద వచ్చినవారు మతబోధ చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. వెళ్లే దేశంలో నియమం ఏమిటో ముందే కనుక్కోండి. మీరు విమానం ఎక్కేస్తారు, పోలీసులకు జవాబు చెప్పుకునేది అక్కడి పాస్టరు. మీరు నోరుజారి ఇచ్చిన మాటల కోసం ఏడాది పొడవునా జనం తలుపు తట్టేది కూడా ఆయన ఇంటికే.

అందుకే టిక్కెట్లు కొనకముందే ఆ పాస్టరుగారికి ఫోన్ చేసి, మేము వస్తే మీకు ఉపయోగమా, టిక్కెట్ల డబ్బు పంపితే ఉపయోగమా అని అడగండి. డబ్బే అంటే నొచ్చుకోకుండా పంపేయండి.