పొద్దున లేవని కంప్యూటర్

తల్లీ, పొద్దున షాపు తీసి బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలకని కంప్యూటర్, ఎండెక్కాక ఒక్క నొక్కుకే ఆన్ అవుతోందన్నావు. ఒక్కోరోజు ఫ్యాను తిరిగినట్టే తిరిగి ఆగిపోతోందట. కొత్తది కొనెయ్యమని ఎవరో సలహా కూడా ఇచ్చారట. తొందరపడకు. ఎండ వచ్చేదాకా లేవడం లేదన్న సంగతే సగం జబ్బును పట్టిచ్చింది.

మన జి.మాడుగులలో చలికాలం తెల్లవారుజామున ఎంత చలో నీకు నేను చెప్పాలా! పది డిగ్రీల కంటే కిందికి దిగడం మామూలే. సీపీయూ డబ్బా వెనక కరెంటు తీగ గుచ్చేచోట ఒక ఇనప పెట్టె ఉంటుంది, అదే ఎస్ఎంపీఎస్. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు పంచేది అదే. అందులోని కెపాసిటర్లలో తడి రసాయనం ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి అది ఆరిపోతూ వస్తుంది. మిగిలిన కాస్తా ఈ చలికి కొబ్బరినూనెలా చిక్కబడుతుంది. అప్పుడు ఆన్ చేసిన తొలి క్షణంలో వోల్టేజీ నిలకడగా అందదు, మిషను లేవదు. లేచినా వెంటనే ఆగిపోతుంది. లోపల కాస్త వెచ్చబడ్డాక మళ్ళీ దారిలో పడుతుంది.

అలాగని నేరమంతా ఎస్ఎంపీఎస్ మీదే మోపెయ్యకు. ముందు గోడ దగ్గర మొదలుపెట్టు. యూపీఎస్‌నీ, ఎక్స్‌టెన్షన్ బాక్సునీ పక్కనపెట్టి తిన్నగా గోడ సాకెట్‌లో పెట్టి చూడు. బ్యాటరీ పోయిన యూపీఎస్ చేసే అల్లరి అచ్చం కంప్యూటర్ జబ్బులాగే కనిపిస్తుంది. ప్లగ్గు వదులుగా ఆడుతున్నా, సాకెట్ దగ్గర నల్లగా కమిలినా ఎలక్ట్రీషియన్ చేత మార్పించు. మానిటర్ తీగా, సీపీయూ తీగా సాధారణంగా ఒకే రకం. రెండూ అటూ ఇటూ మార్చి చూస్తే తీగ సంగతి పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది.

తర్వాత బటన్. రోజూ నొక్కీ నొక్కీ అరిగిపోతుంది, మన వానాకాలం తేమకు లోపల చిలుము పడుతుంది. ప్లగ్గు పూర్తిగా పీకి పక్క మూత తియ్యి. డబ్బా ముందువైపు బటన్ నుంచి రెండు సన్నని తీగలు మదర్‌బోర్డుకు వెళ్తాయి. వాటిని తీసేసి, రీసెట్ బటన్ తీగలను ఆ పిన్నులకే తొడుగు. ఇక రీసెట్ నొక్కితే కంప్యూటర్ ఆన్ కావాలి. అలా రోజూ పొద్దున్నే లేస్తోందంటే చెడింది బటన్ ఒక్కటే. బాగుచేయించేదాకా రీసెట్‌తోనే నడుపుకోవచ్చు. మూత తీసి ఉండగానే బ్రష్షుతో దుమ్ము దులుపు. చేత్తో ఏదైనా ముట్టుకునే ముందు డబ్బా ఇనుమును ఒకసారి తాకు. ర్యామ్ తీసి, దాని పసుపు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, క్లిప్పు టిక్కుమనేలా మళ్ళీ కూర్చోబెట్టు. ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే రూపాయి బిళ్ళలాంటి సెల్ మార్చు, సీఆర్2032 అని అడిగితే ఇస్తారు. మదర్‌బోర్డు మీద ఏ కెపాసిటరైనా తల ఉబ్బి ఉన్నా, గోధుమరంగు జిగురు కారి ఉన్నా ఫోటో తీసి ఉంచు, మెకానిక్‌కు పనికొస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా పొద్దుటి మొరాయింపు పోకపోతే అప్పుడు ఎస్ఎంపీఎస్‌నే అనుమానించు. ఇక్కడే చాలామంది మోసపోతారు. డబ్బా బస్సులో వేసుకుని మధ్యాహ్నానికి పాడేరు షాపుకు తీసుకెళ్తే అక్కడ బుద్ధిగా ఆన్ అవుతుంది. ‘బాగానే ఉంది కదమ్మా’ అని పంపేస్తారు. మర్నాడు ఇక్కడ మళ్ళీ అదే కథ. అందుకే రాత్రి అక్కడే వదిలి, పొద్దున షాపు తీయగానే నొక్కి చూడమను. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే ఆకుపచ్చ తీగా నల్ల తీగా కలిపితే ఫ్యాను తిరిగింది కాబట్టి అది మంచిదే అంటే ఒప్పుకోకు. బరువు పడనప్పుడు ఫ్యాను తిప్పడం గొప్ప కాదు. బాగున్నదని తెలిసిన మరో ఎస్ఎంపీఎస్ తగిలించి, చలిపొద్దున నడిపి చూపించమను. దానితో రోజూ లేస్తే కొత్త ఎస్ఎంపీఎస్ ఒక్కటే కొను, డబ్బా మొత్తం మార్చకు.

ఒక్క విషయంలో నా మాట దాటకు. ఆ ఇనప పెట్టె మూత నువ్వు తెరవకు. ప్లగ్గు పీకాక కూడా అందులో 300 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు, అది ప్రాణం తీసే కరెంటు. వెచ్చబెడదామని హెయిర్ డ్రయ్యర్లు, దీపాలు దగ్గర పెట్టడాలూ వద్దు.

ఇక మన లైన్ల సంగతి. మాచ్‌ఖండ్, సీలేరు కరెంటు ఈ కొండల్లోనే పుడుతున్నా, చెట్ల మధ్య నుంచి వచ్చే మన తీగలకు గాలీవానా వస్తే నిలకడ ఉండదు. కరెంటు పోయి వచ్చిన వెంటనే బటన్ మీద చెయ్యి వేయకు, కొద్ది నిమిషాలు ఆగు. ఉరుములు మొదలైతే ప్లగ్గుతోపాటు నెట్ కేబులూ పీకెయ్. షాపులో ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. డబ్బా నేల మీద పెట్టకు, వానాకాలంలో గచ్చు చెమర్చి తేమంతా దానికే ఎక్కుతుంది.

నీ షాపుకొచ్చేవాళ్ళు కొండ దిగి, కూలి మానుకుని వస్తారు. కులధ్రువీకరణ పత్రం కోసమో, పిల్లల స్కాలర్‌షిప్ కోసమో వచ్చి ఉట్టి చేతులతో తిరిగి వెళ్తే ఆ రోజు వాళ్ళకు వృథా. వాళ్ళు నమ్మి ఇచ్చిన కాగితాల స్కాన్లన్నీ ఆ ఒక్క డబ్బాలోనే ఉన్నాయి. పొద్దున లేవని మిషను ఒకరోజు అసలే లేవకపోవచ్చు. రేపు ఎండెక్కి అది ఆన్ కాగానే, మరో పని ముట్టుకోకముందే, ఫైళ్ళన్నీ వేరే హార్డ్ డిస్కులోకి ఎక్కించెయ్ తల్లీ.