పేరు పెట్టని స్వప్నములు

పోలండు దేశపు ఆగ్నేయభాగమున సాన్ నదీతీరమందలి సానొక్ అను చిన్న పట్టణమున 1929లో జన్మించి, 2005లో వార్సా నగరమున హతుడైన జ్జీస్వాఫ్ బెక్షిన్స్కీ యను చిత్రకారుడు, తనకు దేశాంతరఖ్యాతి నార్జించిన చిత్రములలో దేనికిని పేరు పెట్టలేదు. వాని యర్థమేమని ప్రశ్నించినవారికి, అది తనకును తెలియదనియు, తెలిసికొనవలెనను కుతూహలమును లేదనియు సమాధానము చెప్పుచుండెడివాడు. ఫ్రెంచి అధివాస్తవికుల కూటముతో ఆయనకు సంబంధము లేకున్నను, లోకము ఆయనను ఆ పంక్తియందే కూర్చుండబెట్టినది. కర్త యర్థమెరుగక చేసినది సృష్టి యనిపించుకొనునా, యనునది యీ పటములను చూచినప్పుడెల్ల నన్ను వెన్నాడు ప్రశ్న. మన వేదాంతులకిది క్రొత్తది కాదు. కలగనువానికి గల కర్తృత్వమెట్టిదని వారేనాడో విచారించియున్నారు.

క్రాకోవ్ నగరమున వాస్తువిద్య నభ్యసించి 1952లో ఆ చదువు ముగించిన బెక్షిన్స్కీ, కట్టడముల పనిని పర్యవేక్షించు నుద్యోగమున ఇమడలేక, స్వస్థలమునకు మరలి, అచ్చటి బస్సుల కర్మాగారమున నమూనాలు గీయుచు, ఛాయాచిత్రములును, శిల్పములును, రేఖాచిత్రములును సాధన చేసి, తుదకు చిత్రలేఖనమునకే తన్ను తా నర్పించుకొనెను. 1964లో యానుష్ బొగూత్స్కీ యను విమర్శకుడు వార్సాలో ఏర్పరచిన ప్రదర్శనమున ఆయన కృతులన్నియు అమ్ముడుపోయినవి. అయినను, ఆయనను చిరస్మరణీయుని చేసిన కాలము 1960ల చివరి నుండి 1980ల మధ్యభాగము వరకు నడచినది. హార్డ్‌బోర్డు పలకలను తానే సిద్ధపరచుకొని వానిపై తైలవర్ణములతో, కలలను ఛాయాచిత్రము తీసినంత స్ఫుటముగా గీయవలెనన్నది ఆయన సంకల్పము. ఎముకలును నరములును అల్లుకొని మీదికి లేచిన చర్చి శిఖరములు; వెనుక నగరము మండుచుండగా, తలకు కట్టు కట్టుకొని నేలపై సాలెపురుగువలె ప్రాకు దేహము; మాంసము శుష్కించి యస్థులే మిగిలినను కౌగిలి విడువని యిద్దరు; పైకొమ్ము లేని శిలువలు. వాస్తువిద్య నేర్చిన చేయి యిందు దాగదు: ఆ యసంభవసౌధములకు బరువున్నది, పునాదియున్నది, దూరమును సామీప్యమును లెక్క తప్పక కుదిరినవి. చిత్రించునంతసేపును సంగీతము బిగ్గరగా మ్రోగవలసినదే. నిశ్శబ్దమును ఆయన సహింపజాలడు.

ఈ దృశ్యములెచ్చటివని యడిగినచో, పలువురు యుద్ధమును చూపుదురు. జర్మను సేనలు వచ్చునప్పటికి ఆయన పదేండ్ల బాలుడు; ఆ పట్టణమున తరతరములుగా నివసించిన యూదుల సమాజము ఆయన కౌమారము దాటకముందే నిర్మూలమైనది. ఈ వివరణ మసత్యమని నే ననను, కాని యల్పమైనది. అదే వీధులలో అదే వయసున అదే ఘోరమును చూచినవారు వేలకొలది గలరు. వారందరి కన్నులును ఈ గోపురములను నిర్మింపలేదు. బృహదారణ్యకోపనిషత్తున యాజ్ఞవల్క్యుడు జనకునకు బోధించునప్పుడు, నిద్రించు పురుషుడు జాగ్రత్ప్రపంచము నుండి కొంత సామగ్రిని గ్రహించి, దానిని తానే కూల్చి, తానే మరల కట్టుకొనుననియు, రథములును మార్గములును లేనిచోట వానిని కల్పించుకొనుననియు, కనుకనే అతడు కర్త యనియు చెప్పెను. సామగ్రి లోకముది, నిర్మాణము పురుషునిది. యుద్ధము సామగ్రి నిచ్చియుండవచ్చును. అంతకుమించి దానికి గౌరవ మీయరాదు. కూల్చుటయందును ఆయన స్వతంత్రుడే: 1977లో సానొక్ విడిచి వార్సాకు తరలునప్పుడు, తన కృతులలో కొన్నిటిని ఇంటి పెరటిలో స్వయముగా దహించెను.

ఆ యుపనిషత్తే మరియొక మాట చెప్పును. ఆ పురుషుని క్రీడోద్యానమును జనులు చూతురు గాని, అతనిని మాత్ర మెవ్వరును చూడరట. బెక్షిన్స్కీ విషయమున నిది యెంత సత్యము! ఆ పటములను చూచి వచ్చినవారు నిరాశామగ్నుడైన యొక విషాదమూర్తిని వెదకిరి. వారి కెదురైనవాడు మృదుస్వభావుడు, సంభాషణప్రియుడు, హాస్యమునం దభిరుచి గలవాడు, తన ప్రదర్శనల ప్రారంభోత్సవములకు సైతము వెళ్లుటకు సంకోచించువాడు. తన చిత్రములు కొన్ని ఆశాపూర్ణములనియు, కొన్ని హాస్యభరితములనియు ఆయన యభిప్రాయము. దీనిని వేషమని కొందరు తలచిరి. నేనట్లు తలపను. స్వప్నమున నవ్వినను, భయంకరములను గాంచినను, చూచువాని కవి యంటవని యాజ్ఞవల్క్యుడు బోధించిన యసంగత్వమున కింతకన్న సమీపమైన యుదాహరణము ఆధునికకళలో నాకు కనబడలేదు.

ఇట నొక చిక్కు గలదు. 1998లో భార్య మరణించినది. 1999 క్రిస్మస్ ముందురోజున, రేడియో వ్యాఖ్యాతగా పేరొందిన యేకైకపుత్రుడు ఆత్మహత్య చేసికొనెను. మరునాడు ఆ దేహమును చూచినవాడు తండ్రియే. 2005 ఫిబ్రవరి 21న, డెబ్బదియారవ జన్మదినమునకు మూడు దినముల ముందు, ఎరిగిన కుటుంబములోని యొక యువకుడు కొలదిపాటి ధనము కొరకు ఆయనను కత్తితో పొడిచి చంపెను. ఈ దుర్మరణములను ఆ పటములు ముందే సూచించినవని చెప్పువారు గలరు. బ్రహ్మసూత్రముల తృతీయాధ్యాయ ద్వితీయపాదమున స్వప్నసృష్టి మాయామాత్రమని నిర్ణయించియు, అది రాబోవు శుభాశుభములను సూచింపగలదని యంగీకరించిరి గదా, యని వారు శాస్త్రమునే తోడు తెచ్చుకొనవచ్చును. ఈ వాదమును నేను హృదయపూర్వకముగా తిరస్కరించుచున్నాను. స్వప్నమును జోస్యమని యెంచినవెంటనే, ఒకడు తెలిసి చేసిన క్రౌర్యము విధి నడిపిన కథగా మారును, హంతకుని బాధ్యత సగము తరుగును, మృతుడు తన మృతిని తానే చిత్రించుకొనినవాడగును. మృత్యువును ముప్పదియేండ్లు గీచిన చేతి కృతులలో ఏ మరణమునకైనను పోలిక దొరకును; అట్టి పోలిక దేనికిని సూచన కాజాలదు.

కాని అసంగత్వమును గూర్చి పైన నే నాడిన మాట, పుత్రుని మృతదేహము నెదుట నిలిచిన తండ్రికి చెల్లునా? స్వప్నమున కన్వయించిన యసంగత్వమును యాజ్ఞవల్క్యుడు జాగ్రత్తునకును వ్యాపింపజేసెను. తర్కమున కది పొందికైనదే. జనకుడు మాత్రము పలుమారు వేయి గోవుల నిచ్చుచు, మోక్షమునకై యింకను పైమాట చెప్పుమని యడుగుచునే యుండెను. అనగా ఆ రాజునకు విన్నది చాలలేదు. బెక్షిన్స్కీ పుత్రుని మరణము తరువాతను పనిని విడువలేదు, మరణించునంతవరకు గీయుచునే యుండెను. తన సంపద నంతయు సానొక్‌లోని చారిత్రక సంగ్రహాలయమునకు వ్రాసియిచ్చెను. అది దుఃఖ మంటని వాని స్థైర్యమో, దుఃఖము పూర్ణముగ నంటియు చేయి వణకని వాని స్థైర్యమో నిర్ణయించుటకు నాకు చేతకాకున్నది. రెండవదే నిజమైనచో, స్వప్నమునకు చెల్లిన సిద్ధాంతము జాగ్రత్తున కట్లే చెల్లునని యొప్పుకొనుటకు నా మనస్సంగీకరింపకున్నది, అందుచే నేనును జనకుని పక్షముననే నిలిచి, యింకను పైమాట నడుగుచున్నాను.